శ్రద్ధాంజలి ప్రకటనలో అమ్మ పుట్టిల్లు ఏది?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ జిల్లా ఎడిషన్ లోపలి పేజీల్లో వచ్చే శ్రద్ధాంజలి ప్రకటనల్లో ఎనభై దాటి పోయిన తల్లులవి ఎన్నో ఉంటాయి. ఒక ఫొటో, జనన మరణ తేదీలు, ‘కీర్తిశేషులు ఫలానా వారి ధర్మపత్ని’ అన్న మాట, పెద్దకర్మ జరిగే చోటు, భోజనాల వేళ, కింద కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు, మనవరాళ్ల పేర్లు. అంతా చదివాక కూడా ఆవిడ ఏ ఊరి ఆడపడుచో, పుట్టింటివారి ఇంటిపేరేమిటో, అరవై డెబ్బై ఏళ్లు ఏ పని చేసిందో ఒక్క ముక్క తెలియదు. ఆ ఫొటో తీసేసి పక్క ప్రకటనలోని ఫొటో పెట్టినా మిగతాదంతా అలాగే చెల్లిపోతుంది. పెద్దకర్మ నాడు బంధువులకు పంచే స్మృతి పుస్తకాలు కూర్చే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి, ఇందులో ఎక్కడ పొరపాటు జరుగుతోందో, దాన్ని ఎలా సరిచేసుకోవచ్చో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం.

తల్లి జీవితాన్ని రాసిపెట్టడానికి, ఆవిడ పోయాక పెద్దకర్మ దాకా ఉండే ఆ పదకొండు రోజుల్ని మించిన సమయం దొరకదు. సంవత్సరీకానికి తీరిగ్గా రాద్దాంలే అనుకున్న ఇళ్లలో చాలావరకు ఆ పని జరగదు. చెప్పేవాళ్లంతా ఒకే కప్పు కింద ఉండేది చిన్నదినం నుంచి పెద్దకర్మ దాకానే. ఆవిడ చెల్లెలు, తమ్ముడు, ఆడపడుచు, తోడికోడలు, పాత ఇంటి పక్కనుండే ముసలావిడ, పొలంలో పనిచేసిన కుటుంబంలోని పెద్దవాళ్లు అందరూ వస్తారు, కూర్చుంటారు, వాళ్లంతట వాళ్లే ఆవిడ గురించి మాట్లాడుకుంటారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలోనే ఒకరిద్దరు మంచాన పడి ఉంటారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండింటి నుంచి నాలుగింటి దాకా ఇల్లు నెమ్మదిస్తుంది. ఆ రెండు గంటలు చాలు. మనవల్లో ఒకరికి ఫోన్‌లో రికార్డింగ్ అప్పగించి, ఇంకొకరి చేతికి వంద పేజీల నోటు పుస్తకం ఇవ్వండి. రికార్డు చేస్తున్నామని పెద్దవాళ్లకు ముందే చెప్పాలి. ఫోన్‌ను నేల మీద పెడితే ఫ్యాన్ హోరు, గిన్నెల చప్పుడే వినిపిస్తాయి. మాట్లాడేవాళ్లకు మూరెడు దూరంలో దిండు మీద పెట్టాలి.

ఎవరికి ఏది తెలుసో తెలిస్తే సగం పని అయినట్టే. పెళ్లికి ముందు సంగతులు ఆవిడ తమ్ముడూ చెల్లెలూ తప్ప ఇంకెవరూ చెప్పలేరు. కాపురానికొచ్చిన మొదటి పదేళ్లు తోడికోడలికి తెలుసు, ఆడపడుచుకి తెలుసు. ఆ ఇద్దరూ చెప్పేవి ఒకదానికొకటి పొసగవు. రెండూ రాసుకోండి. పొత్తులో ఉన్నప్పుడు వంటింటి తాళం ఎవరి బొడ్లో ఉండేది, వేరు పడ్డప్పుడు ఎవరి వాటాకి ఏం వచ్చింది అన్నవి అక్కడే బయటపడతాయి. కాన్పుల సంగతి పక్కింటావిడకి తెలుసు. ఆఖరి ఇరవై ఏళ్ల డబ్బు సంగతి పాలవాడికీ చీటీలు కట్టించుకున్నావిడకీ తెలుసు. అందరికన్నా తక్కువ తెలిసింది కొడుకులకి. చేదు మాటే అయినా, ఒక ఇల్లు కాదు, ఇంటింటా ఇదే. కొడుకు చెప్పేది తన బడీ, తన ఉద్యోగం, తన పెళ్లీ. అమ్మ ఆ కథలో డబ్బా సర్ది ఇచ్చిన మనిషిగా మాత్రమే ఉంటుంది. పెద్దకూతురు పక్కన కూర్చుంటే లెక్క సరిపోతుంది.

అడిగే తీరు మీదే అంతా ఉంది. ‘అమ్మ ఎలాంటిది పిన్నీ?’ అని అడిగితే ‘దేవతరా, నోట్లో నాలుక లేని మనిషి’ అంటుంది, కన్నీళ్లు పెట్టుకుంటుంది, అక్కడితో ఆగిపోతుంది. అదే ‘పిన్నీ, అమ్మ కాపురానికొచ్చేటప్పటికి ఈ ఇంట్లో ఎంతమందికి విస్తళ్లు వేసేవాళ్లు? నీళ్లు ఎక్కడ్నించి? పొయ్యిలోకి ఏం వాడేవాళ్లు?’ అని అడిగితే గంటసేపు ఆగదు. ‘చాలా కష్టపడింది’ అన్న మాటతో ఊరుకోకుండా కొలత అడగాలి. రోజుకి ఎనిమిది బిందెలని చెప్పారనుకోండి, అటక మీదున్న ఆ బిందెనే దించి లీటరు సీసాతో నింపి చూడండి. పన్నెండు లీటర్లు పట్టి, చెరువు ఫర్లాంగు దూరంలో ఉంటే, ఒక్కో బిందెకి ఒక తడవ చొప్పున రోజుకి మూడు కిలోమీటర్లకు పైగా నడక, అందులో సగం దూరం చంకలో పన్నెండు కిలోల నీళ్లతో. రెండు బిందెలు ఒకేసారి తెచ్చేదని ఇంకొకరు అంటే ఆ లెక్క మారుతుంది, కాబట్టి అదీ అడగాలి. కుళాయి ఏ సంవత్సరం వచ్చిందో తెలిస్తే ఎన్నేళ్లు మోసిందో తేలుతుంది. అది రాస్తే చదివినవాళ్లకి ఆవిడ నడుం నొప్పి ఎక్కడ్నించి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక పుట్టినతేదీ. ఆ వయసువాళ్ల ఆధార్ కార్డుల్లో జనవరి 1 కనిపిస్తే నమ్మకండి. తేదీ కాగితం లేక వయసు మాత్రం చెప్పినవాళ్లకు అలా పడిన తేదీ అది. ఓటరు కార్డులో వయసు ఎవరో అంచనా వేసి రాసింది, పింఛను కాగితంలోది పింఛను కోసం రాసింది. ఐదో తరగతి దాకా చదివి ఉంటే ఊరి ప్రాథమిక పాఠశాల అడ్మిషన్ రిజిస్టరు అడగవచ్చు. అది కూడా బడిలో చేర్చుకోవడానికి మాస్టారు వేసిన తేదీ అయి ఉండొచ్చు, కానీ తండ్రి పేరు, ఊరు మాత్రం అందులో సరిగ్గా ఉంటాయి. జాతకచక్రం దొరికితే అన్నిటికన్నా మేలు. చాలామంది ముసలివాళ్లకి ఇంగ్లీషు సంవత్సరం గుర్తుండదు, తెలుగు సంవత్సరం గుర్తుంటుంది. ‘తారణలో పుట్టింది’ అంటే 1944 ఉగాది నుంచి 1945 ఉగాది దాకా. పార్థివ 1945, వ్యయ 1946, సర్వజిత్తు 1947, సర్వధారి 1948. అరవై ఏళ్ల చక్రం కాబట్టి 2004లో మళ్లీ తారణే వచ్చింది. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పార్థివ మాఘంలో పుట్టిందంటే 1945 అని రాసేస్తారు. తెలుగు సంవత్సరం ఉగాదికి మారుతుంది గనక పార్థివలో వచ్చిన మాఘమాసం 1946 ఫిబ్రవరి. పుష్యం, మాఘం, ఫాల్గుణం చెప్పినప్పుడల్లా ఈ ఒక సంవత్సరం తేడా చూసుకోవాలి. తిథి, వారం కూడా చెప్పగలిగితే పంచాంగం చూసేవారు అసలు తేదీ తీసిస్తారు. ఏదీ తేలకపోతే ‘1945 ప్రాంతం’ అని రాయండి. దొంగతేదీ కన్నా అది నయం.

తర్వాతి సంఘటనలకు తేదీలు అడగొద్దు, ఆనవాళ్లు అడగాలి. అణాలు పోయి నయాపైసలొచ్చిన ఏడు అంటే 1957. కాలవకి సాగర్ నీళ్లొచ్చిన ఏడు అంటే 1967 ఆగస్టులో నీళ్లు వదిలిన తర్వాత. మీ ఊరి కాలవకి ఎప్పుడు చేరాయో ఊళ్లో అడగాలి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. రెండు రూపాయలకి కిలో బియ్యం 1983. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు పోలీసు చర్యకి ముందూ వెనకా అని కాలాన్ని విడదీసి చెబుతారు, అది 1948 సెప్టెంబరు. గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015. కృష్ణ పుష్కరాలు 1992, 2004, 2016. పన్నెండేళ్ల చొప్పున వెనక్కి లెక్కించుకుంటూ పోవచ్చు. ‘ఉప్పెనకి రెండోవాడు చంకలో ఉన్నాడు’ అన్న ఒక్క మాటతో ఒక కాన్పు తేదీ, ఆ ఏడు ఎక్కడున్నారన్న సంగతి రెండూ కుదురుతాయి.

ఇంట్లోనే ఇంకో రికార్డు ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. గిన్నెల మీది పేర్లు. సారెలో వచ్చిన ఇత్తడి బిందెలు, గంగాళాలు, పెళ్లి కానుకల స్టీలు గిన్నెలు, గృహప్రవేశం పళ్లేలు అన్నిటి మీదా పేరు, తేదీ, ఎవరిచ్చారో చెక్కించేవాళ్లు. పాత ఇత్తడి మీద ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టినవి, తర్వాతి స్టీలు మీద కొట్టువాడు మిషన్‌తో గీసినవి. అక్షరాలు ఆనకపోతే చింతపండు పెట్టి తోమొద్దు, ఉన్న కాస్త గీతా అరిగిపోతుంది. పొడి గుడ్డతో తుడిచి, ముగ్గుపిండో బియ్యప్పిండో చేత్తో రుద్ది, పైపైన తుడిచేస్తే గీతల్లో పిండి నిలిచి అక్షరం తెల్లగా తేలుతుంది. కిటికీ పక్కన వాలుగా వెలుగు పడేలా పెట్టి ఫొటో తియ్యాలి, ఫ్లాష్ వద్దు. ఒక ఇంట్లోని గిన్నెలన్నీ ఇలా తేదీల వారీగా పేరిస్తే ఆవిడ పెళ్లి, బిడ్డల బారసాలలు, ఇల్లు కట్టిన ఏడాది వరసగా కనిపిస్తాయి. కొన్నింటి మీద పెళ్లికి ముందు ఇంటిపేరుతో ఆవిడ పేరుంటుంది. అలా రాసి ఉన్నది ఇల్లంతటిలో బహుశా అదొక్కటే. గిన్నెల్ని పాత సామాన్ల కొట్టుకి వెయ్యకముందే ఈ పని జరగాలి.

పసుపు కుంకుమల కింద పొలం ఇచ్చిన ఇళ్లలో ఆ దస్తావేజు తీసి చదవండి. అందులో ఆవిడ పేరు, తండ్రి పేరు, పుట్టిన గ్రామం, ఎకరాలు సెంట్లు, హద్దులు, రిజిస్టరైన తేదీ అన్నీ ఉంటాయి. ఆ పొలం తర్వాత ఎప్పుడు అమ్మారు, దేనికి అమ్మారు అన్నది కూడా రాయాల్సిన సంగతే. కొడుకు ఇంజనీరింగు ఫీజుకో, ఆడబిడ్డ పెళ్లికో తల్లి పొలం పోయిన ఇళ్లు ఎన్నో. ‘పిల్లల్ని చదివించింది’ అని గాల్లో రాసేకంటే ‘పుట్టింటివారిచ్చిన ఎకరా ముప్పై సెంట్లు అమ్మి చదివించింది’ అని రాస్తే రుణం ఎవరిదో పిల్లలకి తెలుస్తుంది.

దస్తావేజులూ ఇత్తడీ లేని ఇళ్లే ఎక్కువ. కూలికి వెళ్లిన తల్లి గురించి రాయడానికి ఏమీ లేదనుకోవడం పెద్ద పొరపాటు. ఉపాధి హామీ జాబ్ కార్డులో ఏ ఏడాది ఎన్ని రోజులు ఏ పనికి వెళ్లిందో ఉంటుంది. కార్డు నంబరుంటే ఆ వివరాలు పథకం వెబ్‌సైట్‌లో కూడా చూడొచ్చు. డ్వాక్రా గ్రూపు పుస్తకంలో ఎంత పొదుపు కట్టింది, ఎంత అప్పు తీసుకుంది, ఎన్ని కిస్తీల్లో తీర్చింది ఉంటుంది. తీర్మానాల పుస్తకంలో ఒకచోట దాకా వేలిముద్రలు, ఆ తర్వాత సంతకం కనిపిస్తే ఆ పేజీ ఫొటో తీసుకోండి. నెల్లూరు జిల్లా వాళ్లయితే 1990ల మొదట్లో రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్నారా, 1992లో సారా వద్దని దుకాణాల ముందు కూర్చున్నవాళ్లలో ఉన్నారా అని తోటి ఆడవాళ్లని అడగాలి. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది వాళ్ల వల్ల. ఆ పని చేసిన తల్లులు ఇప్పుడు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, వాళ్ల ఫొటో కింద ఆ ముక్క ఉండటం లేదు. నాట్లకి ఎక్కడెక్కడికి వలస వెళ్లేవాళ్లు, రోజు కూలి ఎన్ని సోలల గింజలు, డబ్బు రూపంలో ఎప్పుడు మారింది అన్నవి ముఠాలో పక్కన వంగి నాటినావిడే చెప్పగలదు.

కాన్పుల గురించి జాగ్రత్తగా అడగాలి. ‘ఐదుగురు సంతానం’ అని రాస్తారు. పక్కింటి పెద్దావిడ ఏడు కాన్పులంటుంది. పురిట్లో పోయిన బిడ్డ, ఏడాది నిండాక జ్వరమొచ్చి పోయిన బిడ్డ లెక్కలోకి రాలేదు. బతికున్న పిల్లల్లో చాలామందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ బిడ్డలకు పేరు పెట్టి ఉంటే పేరుతో రాయండి; తల్లి వాళ్లని మరిచిపోయి ఉండదు. గర్భం పోయిన సంగతుల్లాంటివి మాత్రం ఆవిడ తనంతట తాను నలుగురితో చెప్పుకున్నదైతేనే రాయాలి. అడగ్గానే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే అక్కడ ఆగండి.

వంట దగ్గరకొస్తే అందరూ ‘అమ్మ చేతి ఆవకాయ’ అని రాస్తారు. ఆ ఆవకాయ ఎలా పెట్టేదో మాత్రం రాయరు. ఇది పోయిందంటే మళ్లీ రాదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. మొదట ఆవిడ కొలత పాత్ర ఏదో వెతకండి. ఒకరింట్లో సోల, ఒకరింట్లో మానిక, ఒకరింట్లో చెవి విరిగిన గ్లాసు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న లెక్క తెలిసిందే గానీ, పాత్రలు ఊరికొక తీరున ఉంటాయి. అందుకే ఆ పాత్రనే తూకం వేసుకోవాలి. ఉప్పు, కారం, ఆవపిండి విడివిడిగా నింపి వంటింటి కాటా మీద తూచి రాసుకోండి. అంచుకి సమంగా కొలిచేదా, గోపురంగా పోసేదా అన్నది పక్కన నిలబడి ఊరగాయ పెట్టిన కూతుర్నో కోడల్నో అడగాలి. ఆ ఒక్క తేడాకే ఉప్పు ఎక్కువ తక్కువలవుతుంది. ఆవిడ వాడింది రాళ్ల ఉప్పు ఎండబెట్టి దంచినదా, ప్యాకెట్ ఉప్పా? సన్న ఉప్పు అదే గిన్నెలో బరువు ఎక్కువ పడుతుంది, దంచిన ఉప్పు కొలత పట్టుకుని ప్యాకెట్ ఉప్పు పోస్తే జాడీ అంతా ఉప్పుకషాయమే. కాయ ఏ రకం: కొత్తపల్లి కొబ్బరా, చిన్నరసమా, జలాలా? కాయలు కడిగి ఎంతసేపు ఆరబెట్టి తుడిచేది, ఆవాలు ఎండలో ఎన్నాళ్లు పెట్టేది, పప్పునూనె ఎంత మొదట్లో పోసేది, ఎంత మూడోనాడు తిరగకలిపేటప్పుడు పోసేది? ఇవన్నీ అడిగితే గానీ వంటకం కాదు. ఆవాలు మిక్సీలో వేడెక్కేదాకా తిప్పితే చేదొస్తుంది, ముక్కకి తడి ఉంటే బూజు పడుతుంది. ఆవిడ ఈ రెంటికీ ఏం చేసేదో కూడా రాయండి. ‘గుప్పెడు మెంతులు’ అన్న చోట, ఆవిడ దగ్గర నేర్చుకున్న కూతురి చేత మూడుసార్లు గుప్పెడు తీయించి తూచి సగటు వెయ్యండి. ఒక జాడీ ఆవకాయ కొలత సరిగ్గా దొరికితే పుస్తకంలో పేజీ దానికే ఇవ్వొచ్చు, బంధువులు దాచుకునేది ఆ పేజీనే.

పాటల పుస్తకాలు, మంగళహారతులు రాసుకున్న నోటు పుస్తకాలు, లక్ష రామకోటి పుస్తకాలు, చాకలి పద్దులు, పాల లెక్కల క్యాలెండర్లు దొరికితే పారెయ్యకండి. ఆవిడ దస్తూరి వాటిల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. చిరిగిన పేజీలకి సెల్లోటేపు వెయ్యొద్దు, కొన్నేళ్లకి జిగురు పసుపురంగుకి తిరిగి అక్షరాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, మళ్లీ విడదీయలేం. పెన్సిల్ రాతని చేత్తో తడవకుండా ముందు స్కాన్ చేయించండి.

ఫొటోల విషయంలో జరిగే నష్టం చాలావరకు తొందరవల్లే. పాత ఫ్రేముల్లో ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటుంది. లాగితే మొహం మీది పొర అద్దంతోపాటు వచ్చేస్తుంది. అంటుకున్నట్టు అనిపిస్తే అద్దం మీదనుంచే, నీడలో, ఫ్లాష్ లేకుండా, మన నీడా కిటికీ వెలుగూ అద్దంలో పడకుండా ఫొటో తియ్యాలి. విడిగా ఉన్న ఫొటోలైతే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేయించండి. పాత చిన్న ఫొటోని పుస్తకంలో పెద్దదిగా వెయ్యాలంటే అంత కావాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. పెళ్లినాటి గ్రూపు ఫొటో ఉంటే ఒక ప్రింటు తీసి మొహాల మీద అంకెలు వేసి, పిన్నమ్మల ముందు పెట్టి ఎవరెవరో రాయించండి. అసలు ఫొటో వెనక రాయాల్సొస్తే మెత్తని పెన్సిల్‌తో, అంచున. బాల్ పెన్ ఒత్తితే ముందువైపు తేలుతుంది. ఫ్రేములో పెట్టే ఫొటో కోసం స్టూడియోవాళ్లు మొహంలో ముడతలు తుడిచేసి, పట్టుచీర తొడిగి, వెనకాల మేఘాలు పెట్టి ఇస్తారు. గోడకి అది ఉండనివ్వండి. పుస్తకంలో మాత్రం ఆవిడ రోజూ కూర్చునే అరుగు మీద, రోజూ కట్టే చీరలో ఉన్న ఫొటో ఒకటి వెయ్యండి.

ఈ కాలపు తల్లులకి ఇంకో ఆస్తి ఉంది, గొంతు. వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు పిల్లలందరి ఫోన్లలో ఉంటాయి. ఆవిడ ఫోన్‌ని వెంటనే ఖాళీ చేసి ఎవరికో ఇచ్చేస్తారు, నంబరు రీచార్జి చెయ్యరు. మూడు నెలలు వాడకపోతే నంబరు పోయి ఇంకొకరి చేతికి వెళ్లే వీలుంది, నాలుగు నెలలు కదలిక లేని వాట్సాప్ ఖాతా తొలగిపోతుంది. అందుకని ఫోన్‌లో వాయిస్ నోట్స్ ఫోల్డర్ మొత్తాన్ని కేబుల్ పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించాకే ఫోన్ ముట్టుకోవాలి. పిల్లలు కూడా తమ ఫోన్లలో ఉన్నవాటిని ఒక్కచోటికి పంపాలి. ‘అన్నం తిన్నావా నాన్నా, చలి ఎక్కువుందట కదా’ అన్న పది సెకన్ల మాట రేపు మనవరాలి కూతురు వింటుంది. రెండు చోట్ల దాచండి, ఒకటి పెన్‌డ్రైవ్, ఒకటి ఆన్‌లైన్. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లు కొన్నేళ్లకి తెరవబోతే అది తెరుచుకోదు.

రాయడానికి కూర్చున్నాక మొదటి పేజీలోనే కలం జారుతుంది. అన్నపూర్ణ, సహనానికి మారుపేరు, త్యాగమూర్తి, ప్రేమమూర్తి. ఈ నాలుగు మాటలూ కొట్టేసి ఆ స్థానంలో ఒక్కొక్క పని రాయండి. అన్నపూర్ణ అన్న చోట, వేళ కాని వేళ వచ్చినవాళ్ల కోసం రోజూ మానెడు బియ్యం ఎక్కువ వేసేదా, వండినది మిగిలితే ఎవరింటికి పంపేది? సహనం అన్న చోట, ఎవర్ని, ఎన్నేళ్లు, దేన్ని భరించింది? కోపమొస్తే ఏం చేసేదో కూడా రాయండి. కోపం లేని తల్లిని బంధువులెవరూ గుర్తుపట్టరు. ఇంకో పొరపాటు, ఆసుపత్రి. చివరి పాతిక రోజుల ఐసీయూ, వెంటిలేటరు, డాక్టరు చెప్పిన మాటలు రెండు పేజీలు నిండుతాయి, అంతకుముందు ఎనభై ఏళ్లకి అరపేజీ దక్కుతుంది. దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు అదే కళ్లముందు ఉంటుంది, తప్పు పట్టలేం. అయినా జబ్బుకి ఐదు వాక్యాలు మించనివ్వకండి. ఆస్తి తగాదాలకి ఇది చోటు కాదు. మాటల్లేని తమ్ముడి పేరు, విడిపోయిన కోడలి పేరు వదిలెయ్యడానికి కూడా చోటు కాదు. ఆవిడ వాళ్లకి పెట్టిన అన్నం లెక్కలోంచి పోదు.

క్రైస్తవ కుటుంబాల్లో భూస్థాపన కూడికలోనో జ్ఞాపకార్థ కూడికలోనో పోయినవారి జీవిత విశేషాలు చదివే అలవాటు ఉంది. కుటుంబ బైబిలు మొదటి పేజీల్లో పుట్టుకలు, పెళ్లిళ్లు రాసుకోవడమూ ఉంది, చర్చి బాప్తిస్మపు రిజిస్టరూ ఉంది. ఆ ఇళ్లలో ఈ పని సగం చేసే ఉంటుంది. ఆ అలవాటు మిగతావాళ్లం నేర్చుకోవలసిందే.

అచ్చు సంగతి కొంచెం. డెమ్మీ అనే అచ్చు కాగితంలో ఎనిమిదో వంతు సైజు, పదహారు పేజీలు (అచ్చువాళ్ల లెక్కలో ఒక ఫారం), మధ్యలో పిన్ను కుట్టు, ఇది చాలు. పిన్ను కుట్టు పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి, పద్దెనిమిది పేజీలు చేస్తానంటే కుదరదు. ఐదోరోజుకి రాత పూర్తయితే ఆరో రోజు ప్రూఫు, పదోరోజు సాయంత్రానికి పుస్తకాలు చేతికొస్తాయి. ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేసినదాన్ని డీటీపీ వాళ్లు (అచ్చుకి పేజీలు కూర్చేవాళ్లు) తాము వాడే ‘అను’ అనే ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పిడిలో వత్తులు, క్రావడి, క్ష ఉన్న మాటలు చెదురుతాయి. కాబట్టి ప్రూఫు స్క్రీన్ మీద కాకుండా కాగితం మీద తీయించి, పేర్ల పట్టికని ఇద్దరు చూడాలి: ఒకరు పైకి చదవాలి, ఒకరు చూసుకోవాలి. తప్పులు ఎక్కువగా పడేది మనవరాళ్ల భర్తల ఇంటిపేర్లలోనే. ఆ పేరు తప్పు పడితే ఏళ్ల తరబడి ఆ మాట వినాలి. ప్రూఫుకి ముందు మొత్తం రాతని ఆవిడ చెల్లెలి ముందు కూర్చుని పైకి చదవండి. ‘అది మా అక్క కాదు, మా వదిన’ అని ఒక్కసారైనా ఆపుతుంది.

ఇదే రోజుల్లో పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో మరణం నమోదు చేయించడానికి ఇరవయ్యొక్క రోజుల గడువుంటుంది. అక్కడ రాయించే పేరు ఆధార్, బ్యాంకు, పాసు పుస్తకాల్లోని పేరుతో అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంట్లో పిలిచే పేరు, పుట్టింటి పేరు, ముద్దుపేరు అక్కడ చెల్లవు. అవి మీ పుస్తకంలో ఉండాలి, అందుకే చెబుతున్నాం.

అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చిన పిల్లలు పెద్దకర్మ మర్నాడే విమానం ఎక్కుతారు. రాలేకపోయినవాళ్లూ ఉంటారు. వాళ్లకి వీడియో కాల్‌లో కర్మకాండ చూపించడంతో సరిపెట్టకుండా, ఒక గంట పిన్నమ్మని కూర్చోబెట్టి వాళ్ల చేత ప్రశ్నలు అడిగించండి. దూరంలో ఉన్నవాళ్లకే అడగాలనిపించేవి ఎక్కువ. తెలుగు చదవలేని మనవల కోసం పుస్తకాన్ని పెద్దకూతురి గొంతుతో చదివించి రికార్డు చేసి పంపవచ్చు, పదహారు పేజీలకి ముప్పావు గంట పడుతుంది.

సంపాదకులు గారూ, మీకు మా విన్నపం చిన్నది. శ్రద్ధాంజలి ప్రకటన ఇచ్చేవాళ్లు నింపే ఫారంలో, భర్త పేరు గడి తర్వాత, ఇంకో రెండు గడులు చేర్చండి. ఒకటి ‘పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు’. రెండోది ‘చేసిన పని’. రెండో గడిలో ‘గృహిణి’ అని రాసి ఇస్తే, కౌంటరు దగ్గర ఉన్నవారు ఇంకొక్క మాట అడగాలి: ఇంట్లో ఏం చేసేవారండీ అని. పాడి, నాట్లు, కుట్టుపని, విస్తళ్లు కుట్టడం, మంత్రసాని పని, మనవల పెంపకం, ఏది చెబితే అది. ఆ రెండు గడులకి అదనంగా డబ్బు తీసుకోకపోతే అందరూ నింపుతారు. ఆదివారం అనుబంధంలో వారానికొక తల్లి గురించి మూడు వందల మాటలకి చోటిస్తే, రాసి పంపేవాళ్లు మీ పాఠకుల్లోనే ఉన్నారు.

ఇట్లు,
స్మృతి పుస్తకాలు కూర్చే ఇద్దరం,
తెనాలి